మెంబ్రేన్ సిమ్యులేషన్ల కోసం సీటీసీలో కట్టించిన పీసీ: ఏడాది పైన వాడాక నా మాట

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మనమంతా సీటీసీ అంటామే, అక్కడ 2024 ఎండాకాలంలో ఒక డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకున్నాను. కణత్వచాల మీద చేస్తున్న నా పీహెచ్‌డీ కోసం. ఈ లైన్‌లోకి కొత్తగా వస్తున్న పిల్లలు "అక్కా, ల్యాబ్‌లో క్లస్టర్ (అందరూ వంతులవారీగా వాడుకునే కంప్యూటర్ల గుంపు) ఉండగా సొంతంగా మిషన్ ఎందుకు, ఎంతవుతుంది, ఏ గ్రాఫిక్స్ కార్డు తీసుకోవాలి" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ ముక్కలుముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. స్తోమత ఉంటే కొనండి. పీహెచ్‌డీలో నేను పెట్టిన ఏ ఖర్చూ నాకు ఇంత పనికి రాలేదు. అయితే షాపువాళ్లు ముందుగా చూపించేది ఒకటి, మన లెక్కకు కావలసింది ఇంకొకటి. ఆ తేడా తెలిసి వెళ్లాలి. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో చెప్పేవన్నీ సీటీసీలో ఏ షాపు మెట్లెక్కినా పనికొస్తాయి.

మా పని తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. కణం చుట్టూ ఉండే పొర, అంటే మెంబ్రేన్, మందం నాలుగైదు నానోమీటర్లు. రెండు వరసల లిపిడ్లు (కొవ్వు అణువులు), తలలు నీళ్ల వైపు, తోకలు లోపలికి. ఆ పొరలో ప్రోటీన్లు దిగి ఉంటాయి. ఇవాళ వాడుకలో ఉన్న మందుల్లో సుమారు మూడో వంతు పనిచేసేది, బయటి సంకేతాలను కణం లోపలికి చేరవేసే జీపీసీఆర్‌లనే అలాంటి ప్రోటీన్ల మీదే. పొరలోని కొలెస్టరాల్ ఈ ప్రోటీన్ల పనిని ఎలా మారుస్తుందనేది నా ప్రశ్న. గుండెజబ్బుల పుణ్యమా అని కొలెస్టరాల్ పేరు చెడిపోయింది గానీ, అది లేకపోతే మన కణాల పొర పొరలా ఉండదు. ఈ ప్రశ్న హైదరాబాద్‌కి కొత్త కాదు. సెరొటోనిన్ 1ఏ గ్రాహకం (ఇదీ ఒక జీపీసీఆరే) సరిగ్గా పనిచేయాలంటే కొలెస్టరాల్ ఉండాలని హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో అమితాభ ఛటోపాధ్యాయ గారి బృందం ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి చూపించింది. ఆ కొలెస్టరాల్ ప్రోటీన్ మీద ఎక్కడెక్కడ అంటుకుంటుందో తర్వాత సిమ్యులేషన్లతోనూ వెతికారు. ఎమ్మెస్సీలో ఆ పేపర్లు చదివాకే నేను ఇటువైపు వచ్చాను.

సిమ్యులేషన్ అంటే, కంప్యూటర్‌లో కట్టుకున్న ఒక బాక్సులోని ప్రతి పరమాణువు మీద పడే బలాన్ని లెక్కగట్టి, దాన్ని రవ్వంత జరిపి, మళ్లీ మొదటి నుంచి లెక్కగట్టడం. ఒక్కో అడుగు 2 ఫెమ్టోసెకన్లు. పది లక్షల ఫెమ్టోసెకన్లు ఒక నానోసెకను, వెయ్యి నానోసెకన్లు ఒక మైక్రోసెకను. ఒక్క మైక్రోసెకను చూడాలంటే 50 కోట్ల అడుగులు వేయాలి. నా బాక్సులో ప్రోటీన్, రెండు వందల పైచిలుకు లిపిడ్లు, నీళ్లు, ఉప్పు అన్నీ కలిపి 80 వేల పరమాణువుల దాకా ఉంటాయి. మెంబ్రేన్‌లో ఏదీ తొందరగా జరగదు. ఒక లిపిడ్ పక్కదానితో చోటు మార్చుకోవడానికే పదుల నానోసెకన్లు పడుతుంది. కొలెస్టరాల్ ప్రోటీన్ దగ్గరికి వచ్చి, నిలబడి, వెళ్లిపోవడం చూడాలంటే మైక్రోసెకన్ల మాటే. అదీ ఒకసారి చూస్తే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. కనీసం మూడుసార్లు విడివిడిగా నడపాలి. అందుకే రోజుకు ఎన్ని నానోసెకన్లు వస్తాయన్నదే మా జీవితం.

ఇక నేను కొన్నది: 12 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ కార్డు, 8 కోర్ల రైజెన్ 7 7700, 16 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, 1 టీబీ ఎస్ఎస్‌డీ, 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటిచ్చే పెట్టె), ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్, ఒక మామూలు యూపీఎస్. మొత్తం లక్షా నలభై వేల దాకా అయింది. అందులో కార్డుకే అరవై వేల చిల్లర. నెలల తరబడి రాకుండా పేరుకుపోయిన ఫెలోషిప్ ఒకేసారి అకౌంట్లో పడితే, ఇంటికి పంపాల్సింది పంపేసి, మిగతాది దీనికి పెట్టాను. అంత డబ్బు ఒకేసారి ఖర్చు పెట్టడం నాకదే మొదటిసారి. అందుకే ప్రతి భాగం గురించీ బాగా చదువుకుని వెళ్లాను.

సీటీసీలో ఒక షాపుకి వెళ్లి జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు, కావాలనగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటే: గేమింగా, ఏఐనా? కౌంటర్ దగ్గర యాభై దాటిన ఆయన కూడా అదే అడిగారు.

"ఏఐ అయితే 12 జీబీ సాలదు మేడమ్. 16 జీబీ కార్డు తీస్కోండి, ఇంకో ఇరవై వేలు పడ్తది."

"ఏఐ కాదన్నా. నా లెక్కకి కార్డు మెమరీ రెండు జీబీ కూడా నిండదు. కానీ వారాల తరబడి రాత్రీ పగలూ ఫుల్ లోడ్ మీద నడవాలి."

ఆయన రాస్తున్న కొటేషన్ కాగితం పక్కన పెట్టేశారు. "వారాలా? ఏసీ ఉంటదా అమ్మా రూంల?" లేదన్నాను. కొత్త కాగితం తీసి మొదటి నుంచి రాయడం మొదలుపెట్టారు. రంగుల లైట్ల ఫ్యాన్లు తీసేశారు. ముందర అద్దం ఉన్న క్యాబినెట్ కొట్టేసి జాలీది రాశారు. బోర్డు తక్కువ ధరది చాలన్నారు. "ఎస్‌ఎంపీఎస్ కాడ మాత్రం పైసలు తగ్గియ్యకమ్మా. అది పోతే ఒక్కటే పోదు, కార్డును గుడ తీస్కపోతది." అంతకుముందు తిరిగిన రెండు మూడు షాపుల్లో నేను ఏం చేస్తానో వినకుండానే ధర చెప్పేశారు. ఈయన విన్నాక లిస్టు మార్చారు. నేను అక్కడే కొనాలని నిర్ణయించుకున్నది అందుకే.

డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు అన్న దగ్గర కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే మన జూనియర్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. మేం వాడేది గ్రోమాక్స్. 1990లలో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగన్ యూనివర్సిటీలో పుట్టిన సాఫ్ట్‌వేర్, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 2020 వెర్షన్ నుంచి పరమాణువులను జరిపే పని కూడా జీపీయూ మీదే చేసుకోగలదు. అంటే బరువైన లెక్కంతా కార్డు మీదే జరిగిపోతుంది, ప్రాసెసర్‌కి పెద్దగా పని మిగలదు. కాబట్టి 16 కోర్లు, 24 కోర్లు అంటూ ప్రాసెసర్ మీద డబ్బు పోయక్కర్లేదు. గేమింగ్ కార్డుల్లో డబుల్ ప్రెసిషన్ (అంకెలను మరింత కచ్చితంగా, ఎక్కువ స్థానాలతో లెక్కించడం) వేగం చాలా తక్కువ, ఈ తరం కార్డుల్లో సింగిల్ ప్రెసిషన్‌లో 64వ వంతే. దాన్ని చూసి భయపడి లక్షలు పోసి సర్వర్ కార్డు కొనాలేమో అనుకుంటారు. గ్రోమాక్స్ మామూలుగా నడిచేది మిక్స్‌డ్ ప్రెసిషన్‌లో, అంటే చాలా లెక్క సింగిల్‌లోనే, కాబట్టి మన పనికి ఆ లోటు తగలదు. కార్డు మెమరీ కూడా అంతే. భాషా మోడళ్లు నడిపేవాళ్లకి ప్రతి జీబీ బంగారం, మనకి 80 వేల పరమాణువులకు అందులో కొసరు చాలు. మనకు కావలసింది లెక్క వేగం, చల్లదనం, నిలకడగా కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్. ఇంతే.

డబ్బు కట్టే ముందు షాపులోనే టెస్ట్ చేసి చూస్తానని చెప్పాను. ఉబుంటు, డ్రైవర్, గ్రోమాక్స్ అన్నీ ముందే వేసిన ఒక ఎస్ఎస్‌డీ వెంట తీసుకెళ్లాను. జర్మనీలో గటింగెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్లు గ్రోమాక్స్ వేగం కొలవడానికి పెట్టిన ఫైళ్లున్నాయి, ఎవరైనా దింపుకోవచ్చు. వాటిలో మెంబ్రేన్‌ది ఒకటి: పొరలో ఆక్వాపోరిన్, అంటే నీళ్లను దాటించే ప్రోటీన్, చుట్టూ నీళ్లు, మొత్తం 82 వేల పరమాణువులు. నా సొంత బాక్సుకి చాలా దగ్గర. అందుకే దాన్నే పెట్టాను. అసెంబుల్ చేసిన అబ్బాయి స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాడు. ఫ్యాన్లు ఒక్కసారి గట్టిగా తిరిగి సర్దుకున్నాయి. పక్క టెర్మినల్‌లో కార్డు వేడి, వాట్లు అంకెలుగా మారుతున్నాయి. వాట్లు 200 దాటి నిలబడ్డాయి, వేడి అరవైల్లో ఆగింది. అరగంట నడిపి ఆపితే లాగ్ ఫైల్ చివర రోజుకు 100 నానోసెకన్లకు పైనే చూపించింది. "అక్కా, ఎఫ్‌పీఎస్ ఏది మరి?" అని అడిగాడు ఆ అబ్బాయి. గేములో సెకనుకు ఎన్ని ఫ్రేములో చెప్పేది ఎఫ్‌పీఎస్. ఈ అంకే మాకు అలాంటిదని చెప్పి, అణువుల బొమ్మలు చూపించే వీఎండీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ పొర బొమ్మ తెరిచి చూపించాను. ప్రోటీన్ మధ్యలోంచి నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉండటం చూసి, కౌంటర్ దగ్గర ఉన్న ఆయన్ని కూడా పిలిచాడు. ఇద్దరూ చాలాసేపు చూశారు. గేము బొమ్మ కాదు, మన ఒంట్లో ప్రతి క్షణం జరిగేదే అని చెబితే, "మన కిడ్నీల గుడ ఇదేనా అమ్మా?" అన్నారాయన. అవును, కిడ్నీల్లో నీళ్లను వెనక్కి లాగేది ఈ కుటుంబం ప్రోటీన్లే. ఆ ప్రశ్న నాకు ఎంత సంతోషం ఇచ్చిందో చెప్పలేను.

లోపాలూ ఉన్నాయి. అడిగినట్టు రెండు 16 జీబీ స్టిక్కులు కాకుండా స్టాకులో ఉన్న ఒకే 32 జీబీ స్టిక్కు బిగించారు. నేను స్క్రీన్ మీద చూసి అడిగితేనే మార్చారు. బిల్లులో మొదట 'కంప్యూటర్ సెట్' అని ఒక్క లైను రాశారు. అలా తీసుకోవద్దు. కార్డు వారంటీ సీరియల్ నంబర్‌ని బట్టి సర్వీస్ సెంటర్ చూస్తుంది, షాపు కాదు. ప్రతి భాగం విడిగా, కార్డు సీరియల్ నంబర్‌తో సహా జీఎస్టీ బిల్లు రాయించుకున్నాను. దానికి గంట పైనే పట్టింది, విసుక్కున్నారు కూడా. అయినా రాసిచ్చారు. ఇంటికి తీసుకెళ్లేటప్పుడు కార్డుని స్లాట్‌లోంచి తీసి దాని అట్టపెట్టెలో విడిగా ఇమ్మనండి. ఈ కార్డులు బరువు, ఆటో గుంతల్లో ఎగిరితే స్లాట్ మీదే పడుతుంది ఆ భారమంతా. వెళ్లేటప్పుడు మాత్రం హబ్సిగూడ, తార్నాక వైపు నుంచి ప్యారడైజ్‌కి మెట్రో నేరుగా ఉంది, పార్కింగ్ బాధ లేదు.

ఇంట్లో రెండు సమస్యలు: వేడి, మీటరు. మేలో మా గదిలో ఫ్యాన్ కింద కూడా కార్డు వేడి 80 దగ్గరికి పోయింది. నాకు నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి. కార్డు తాగే కరెంటుకి హద్దు పెట్టే ఆప్షన్ డ్రైవర్‌లోనే ఉంది. దీని అసలు హద్దు 220 వాట్లు. దాన్ని 170కి దించాను. వేగం కొద్దిగానే తగ్గింది, గది మాత్రం మనిషి ఉండేలా అయింది. ఎండాకాలమంతా అలాగే నడుపుతాను, మీకూ అదే చెబుతాను.

మీటరు సంగతి కొనేముందు ఎవరూ చెప్పరు. మా పీసీ లోడ్ మీద 300 వాట్లు అనుకుంటే రోజుకు 7 యూనిట్ల పైన, నెలంతా ఆపకుండా నడిస్తే 216 యూనిట్లు. మా ఓనర్ ఆంటీ వాళ్లకూ మాకూ ఒకటే మీటరు. ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపైతే వాళ్లకు జీరో బిల్లు, దాటితే మొత్తం కట్టాలి. నా పీసీ ఒక్కటే ఆ గీత దాటించేస్తుంది. అందుకే ప్లగ్గు పెట్టకముందే ఆంటీతో కూర్చుని లెక్క చెప్పాను. "సదువు కోసమే గద బిడ్డా, నడుపుకో. బిల్లు వచ్చిన నెల బిల్లు నువ్వే చూస్కో" అన్నారు. పెద్ద రన్ ఉన్న నెల బిల్లంతా నేనే కడతాను. అద్దె ఇంట్లో ఉండి ఈ పని చేసేవాళ్లు ఈ మాట ముందే మాట్లాడుకోండి, తర్వాత మొహాలు చూసుకోలేని పరిస్థితి తెచ్చుకోవద్దు. కరెంటు పోవడం గురించి టెన్షన్ పడక్కర్లేదు. గ్రోమాక్స్ ప్రతి 15 నిమిషాలకూ చెక్‌పాయింట్ (అప్పటిదాకా నడిచిన స్థితి) తనంతట తానే రాసుకుంటుంది. కరెంటు వచ్చాక అక్కడి నుంచే కొనసాగించవచ్చు. యూపీఎస్ చిన్నదైనా సరిపోతుంది, మిషన్‌ని పద్ధతిగా ఆపే టైం ఇస్తే చాలు.

ఇంతకీ క్లస్టర్ ఉండగా ఇదెందుకు? మెంబ్రేన్ కట్టడం మొదటి సారికే కుదిరే పని కాదు కాబట్టి. చార్మ్-గుయి అనే వెబ్‌సైట్‌లో పొర కట్టించుకున్నాక దాన్ని ఆరు దశల్లో మెల్లమెల్లగా వదులు చేయాలి. లిపిడ్లనీ ప్రోటీన్‌నీ మొదట గట్టిగా పట్టి ఉంచి, దశదశకీ ఆ పట్టు తగ్గిస్తూ పోవాలి. ఎక్కడో ఒకచోట రెండు పరమాణువులు మరీ దగ్గరగా ఉంటే లెక్క అదుపు తప్పి మొత్తం పేలిపోతుంది. క్లస్టర్‌లో జాబ్ పెడితే క్యూలో ఉండి, ఏ తెల్లవారుజామునో మొదలై, పది సెకన్లలో పేలి ఆగిపోతుంది. మనం చూసేది పొద్దున. ఒక్క అక్షరం మార్చి మళ్లీ పెడితే మళ్లీ మర్నాడు. సొంత మిషన్‌లో అదే పది నిమిషాల పని.

ఒకటి చెబుతాను. ప్రోటీన్‌లో ఒక గుంట దగ్గర కొలెస్టరాల్ ముందే ఉంటే ఏమవుతుందో చూడాలని రెండు కొలెస్టరాళ్లను విడిగా నేనే అమర్చాను. పేలలేదు. శక్తి, పీడనం, పొర వైశాల్యం అంతా బాగానే కనిపించింది. కానీ ఒక కొలెస్టరాల్ అసలు కదలడం లేదు. చుట్టూ ఉన్నవన్నీ అటూ ఇటూ ఊగుతుంటే ఇదొక్కటి పక్క లిపిడ్‌కి కట్టేసినట్టు దానితోపాటే తిరుగుతోంది. వీఎండీలో నీళ్లు తీసేసి, ప్రోటీన్ తీసేసి, ఆ రెండింటినీ దగ్గరగా తెచ్చి చూస్తే, పక్క లిపిడ్ తోక కొలెస్టరాల్ వలయంలోంచి సూదిలో దారంలా దూరి ఉంది. నిజంగా ఏ కణంలోనూ జరగని పని అది. లెక్కకు మాత్రం తప్పుగా తోచదు, బంధాలు కాస్త సాగి సర్దుకుంటాయి. ఎంతకాలం నడిపినా ఆ తోక బయటికి రాదు. చార్మ్-గుయి తను కట్టిన పొరలో ఇలాంటివి వెతికి చెబుతుంది గానీ, తర్వాత మనం చేతితో పెట్టినవాటిని మనమే చూసుకోవాలి. ఆ రాత్రే మళ్లీ కట్టాను, మళ్లీ ఆరు దశలూ నడిపాను, పడుకునేలోపు సరైన పొర కళ్ల ముందుంది. అది క్లస్టర్‌లో నేరుగా మైక్రోసెకను రన్‌కి పోయి ఉంటే, కొలెస్టరాల్ ఆ గుంటలో గట్టిగా అంటుకుని ఉందని ఒక ఫలితం రాసుకునేవాళ్లం. నా మిషన్ మీద నాకు ఇంత గౌరవం ఎందుకంటే ఇందుకే. వేగం కంటే, అనుమానం వచ్చిన నిమిషంలోనే చూడగలగడం.

దీనితో కానివీ ఉన్నాయి. ఒక అణువు పొర దాటడానికి ఎంత శక్తి కావాలో కొలవాలంటే పదుల కొద్దీ విడి విండోలు (అణువును పొరలో ఒక్కో లోతున నిలిపి చేసే రన్‌లు) ఒకేసారి నడపాలి, ఒక్క కార్డుతో నెలలు పడుతుంది. చాలా గ్రాహకాలున్న పెద్ద పొరా అంతే. వాటికి నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో పెట్టిన పరమ్ సేవ లాంటివే దిక్కు. పరమాణువులన్నీ అక్కర్లేని ప్రశ్న అయితే మార్టినీ మోడల్ ఉంది. సుమారు నాలుగు బరువైన (హైడ్రోజన్ కాని) పరమాణువులను ఒక పూసగా తీసుకుంటుంది, అడుగు 20 ఫెమ్టోసెకన్లు. అందులో ఈ పీసీ మీదే రోజుకు మైక్రోసెకన్లు వస్తాయి. కొలెస్టరాల్ ఏ వైపు ఎక్కువగా చేరుతుందో ముందు మార్టినీలో చూసుకుని, ఆసక్తిగా ఉన్న చోట్లను పూర్తి పరమాణువులతో నడపడం నా పద్ధతి.

5కి పీసీకి 4.5, షాపుకి 4. అర మార్కు తగ్గించింది ఎస్ఎస్‌డీ దగ్గర: 1 టీబీ చాలదు. ప్రతి 100 పికోసెకన్లకూ (నానోసెకనులో పదో వంతు) ఒక ఫ్రేమ్ దాస్తే మైక్రోసెకనుకి మూడు జీబీ దాకా అవుతుంది, పది పికోసెకన్లకు దాస్తే దానికి పదింతలు. మూడేసి రన్‌లు, నాలుగైదు రకాల పొరలు అనుకుంటే ఏడాది తిరక్కుండానే నిండిపోతుంది. 2 టీబీది తీసుకోండి, దానితోపాటు బ్యాకప్‌కి ఒక మామూలు హార్డ్‌డిస్క్. నేను అలాంటిది మొన్ననే అదే షాపులో కొన్నాను. క్యాబినెట్ ఫ్యాన్ ఒకటి చప్పుడు చేస్తోందంటే ఆ అబ్బాయి డబ్బు తీసుకోకుండా మార్చి ఇచ్చాడు. వెళ్లే ముందు ఫోన్ చేసి కార్డు స్టాకులో ఉందో లేదో అడగండి. ఆదివారం వెళ్లొద్దు.